బోరు నీళ్ల మీద మందారం సాకడం

మందారం మొండి చెట్టు. కోస్తాలో కంచె పక్కన కొమ్మ గుచ్చి మరిచిపోయినా పూస్తుంది. అదే కొమ్మ దక్షిణ తెలంగాణలో, మునుగోడులోనో, దేవరకొండలోనో, కల్వకుర్తిలోనో పెడితే మొదటి ఏడు బాగానే ఉంటుంది. రెండో ఎండాకాలానికి చిగురు పసుపు తిరుగుతుంది, ఆకు అంచులు మాడుతాయి, మొగ్గలు విచ్చకముందే రాలుతాయి. ఎండదెబ్బ అనుకుని కుండీని నీడకు జరుపుతారు, బలం లేదనుకుని డీఏపీ వేస్తారు. రెండూ పని చెయ్యవు. మన దగ్గర మందారానికి తగాదా ఎండతో కాదు. బోరు నీళ్లతో, ఆ నీళ్లు పోసి పోసి మారిపోయిన మట్టితో. అందుకే ఇక్కడ నీళ్ల గురించి, పసుపు ఆకు గురించి ఎక్కువ చెప్పుకోవాలి.

ఏ రకం కొనాలి

నాటు ఎర్ర రెక్క మందారం, అంటే ఐదు రెక్కలు, మధ్యలో పొడుగాటి కాడ ఉండేది, మన నీళ్లను అన్నిటికంటే బాగా ఓర్చుకుంటుంది. నేలలో పెడితే 8 నుంచి 10 అడుగులు పోతుంది, కంచెకూ పనికొస్తుంది. దాని తర్వాత ఎర్ర ముద్ద మందారం. అరచెయ్యంత పూలతో, రెండు మూడు రంగులు కలిసి వచ్చే హైబ్రిడ్లు నర్సరీలో చూడముచ్చటగా ఉంటాయి కానీ ఉప్పు నీళ్లకు ముందు పడిపోయేవి అవే. వాన నీళ్లు పట్టుకునే ఏర్పాటో, రోజూ నల్లా వచ్చే ఇల్లో అయితేనే వాటి జోలికి పోవాలి. మొదటిసారి పెంచేవాళ్లు నాటుదానితో మొదలుపెట్టడం మంచిది.

కొనేటప్పుడు పూలు లెక్కపెట్టకండి. ఆకు వెనకాల, కొమ్మ చంకల్లో, మొగ్గ కాడ దగ్గర తెల్ల దూది లాంటిది ఉందేమో చూడండి. మొదలు దగ్గర చీమలు ఎక్కిదిగుతుంటే ఆ మొక్క వద్దు. ఇంటికి తెచ్చాక కూడా రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా పెట్టాలి. ఆ తెల్ల దూది పిండినల్లి అనే రసం పీల్చే పురుగుది, దాని పిల్లలు కంటికి ఆనవు.

ఇంకో సంగతి. మన నర్సరీలకు వచ్చే మొక్కలు చాలావరకు గోదావరి పక్కన కడియం నుంచి దిగినవి. వాటి వేరు చుట్టూ జిగట నల్లమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే ఎర్రమట్టి గుంతలో పెడితే, ఒకసారి ఎండిన ముద్ద రాయిలా బిగుస్తుంది. పోసిన నీళ్లు చుట్టూ ఉన్న దుబ్బలోంచి జారిపోతాయి, ముద్ద లోపల వేరు ఎండిపోతుంది. పైన తడి కనిపిస్తుంటే మొక్క ఎందుకు వాడిందో అర్థం కాదు. నాటేముందు సంచి తీసి ముద్దను బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, పై అంగుళం మట్టిని వేళ్లతో మెల్లగా కడిగెయ్యండి. మొత్తం కడిగితే సన్నవేర్లు తెగిపోతాయి. మూడో వంతు పోతే చాలు, బయటి వేర్లు కొత్త మట్టిని పట్టుకుంటాయి. మొదటి నెల నీళ్లు సరిగ్గా కాండం మొదట్లోనే, మెల్లగా పొయ్యాలి.

నాటడం

మృగశిర కార్తెలో, అంటే జూన్ 7, 8 తారీఖుల తర్వాత రెండు మంచి వానలు పడ్డాక నాటడం అన్నిటికంటే నయం. ఆగస్టు ఆఖరు దాకా నాటవచ్చు. ఫిబ్రవరిలో నాటితే వేరు కుదురుకోకముందే ఎండలు వచ్చి పడతాయి. మార్చి నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా నేలలో నాటవద్దు.

పొద్దటి ఎండ ఐదారు గంటలు తగిలే చోటు కావాలి. పడమటి గోడకు ఆనించి పెడితే ఏప్రిల్, మే నెలల్లో గోడ వేడికి ఆకు ఉడికిపోతుంది, కనీసం మూడడుగులు దూరం ఉండాలి. విడి చెట్టుకు నాలుగైదు అడుగుల ఎడం, కంచెకు రెండు నుంచి రెండున్నర అడుగులు.

గుంత ఎలా తియ్యాలన్నది నేలను బట్టి ఉంటుంది. ఎర్ర చెలక, దుబ్బ నేల అయితే అదృష్టం. అడుగున్నర పొడుగు, వెడల్పు, లోతు తీస్తే చాలు. తవ్విన మట్టిలో సగానికి ఒక తట్ట మగ్గిన పశువుల పెంట, 200 గ్రాముల వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పెంట వద్దు, వేడి చేస్తుంది, చెదలను పిలుస్తుంది.

కొత్త ప్లాట్లలో ఇంటి చుట్టూ పోసింది మట్టి కాదు, మొరం. దాని కింద కట్టుబడి నాటి సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు ఉంటాయి. ఈ చెత్త మధ్య మందారం ఏనాటికీ పచ్చబడదు, సున్నం మట్టిలోని ఇనుమును వేరుకు అందకుండా కట్టేస్తుంది. ఇలాంటి చోట గడ్డపారతో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు తవ్వి, వచ్చిందంతా బయట పారబోసి, చెలక మట్టి తెచ్చి నింపాలి. కష్టమే కానీ దీనికి అడ్డదారి లేదు.

నల్లరేగడి అయితే అసలు గుంతే తవ్వకూడదు. రేగడిలో గుంత తీసి మెత్తటి మట్టి నింపితే అది వానాకాలంలో బావి అవుతుంది, చుట్టుపక్కల నీళ్లన్నీ అందులోకి దిగి వేరు కుళ్లుతుంది. నేల పైనే మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తున ఎర్రమట్టి, పెంట కలిపి కుప్ప పోసి దాని మీద నాటాలి. మీ నేల ఎలాంటిదో అనుమానంగా ఉంటే ఒక చిన్న గుంతలో బకెట్ నీళ్లు పోసి చూడండి. పొద్దున పోసినవి మధ్యాహ్నానికి కూడా నిలిచి ఉంటే కుప్ప పద్ధతే.

సంచిలో మట్టి ఏ మట్టం దాకా ఉందో గుంతలో కూడా అక్కడిదాకే ఉండాలి. కాండం మట్టిలో మునిగితే బెరడు కుళ్లుతుంది.

కుండీలో అయితే

12 అంగుళాలకు తక్కువ కుండీ వద్దు. రెండేళ్లు కదపకుండా ఉండాలంటే 14 అంగుళాలది. ఎర్రమట్టి రెండు పాళ్లు, మగ్గిన పెంట లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, కడిగిన దొడ్డు ఇసుక ఒక పాలు, పైన రెండు పిడికెళ్ల వేపపిండి. కొబ్బరిపొట్టు వాడితే రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి, దానిలోనే ఉప్పు ఉంటుంది. ఇటుకల నుంచి వచ్చే ఎర్ర పొడిని మట్టి కింద అమ్మేవాళ్లు ఉన్నారు. తడిపి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోతేనే అది మొక్కకు పనికొచ్చే మట్టి.

డాబా మీద తాండూరు బండలు పరిచి ఉంటే మేలో మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. నల్ల ప్లాస్టిక్ కుండీ నేరుగా ఆ బండ మీద ఉంటే కింది వేర్లు ఉడుకుతాయి, పైనుంచి ఎంత నీళ్లు పోసినా ఆకు వాడే ఉంటుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వాలి. మట్టి కుండీ అయితే మరీ మంచిది. ఏప్రిల్ నడుమ నుంచి మృగశిర దాకా 50 శాతం షేడ్‌నెట్ ముద్ద రకాలకు, హైబ్రిడ్లకు అవసరం. నాటు ఎర్రదానికి నేలలో అయితే అక్కర్లేదు.

నీళ్లు

నల్లగొండ ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. మొక్కల విషయంలో మాత్రం దోషి ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, దాని వెంట వచ్చేవి. మన గ్రానైటు రాళ్ల సందుల్లోంచి తోడే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట సోడియం, బైకార్బొనేట్ కూడా ఎక్కువే ఉంటాయి. ఈ నీళ్లు రోజూ పోస్తుంటే మట్టి క్షారం వైపు జరుగుతుంది, సోడియం వల్ల బిగుసుకుపోతుంది, మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. మందారానికి కొద్దిగా పులుపు వైపు ఉన్న మట్టి, ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7 లోపు ఉండేది ఇష్టం. మన బోరు దాన్ని 8 దాటిస్తుంది.

మార్కెట్లో దొరికే టీడీఎస్ పెన్నుతో, అంటే నీళ్లలో కరిగిన ఉప్పును చూపేదానితో, ఒకసారి నీళ్లు కొలవండి. 500 లోపు ఉంటే నిశ్చింతగా పొయ్యవచ్చు. 500 నుంచి 1000 మధ్య ఉంటే నేలలో చెట్టు తట్టుకుంటుంది, కుండీని మాత్రం నెలకోసారి కడగాలి. 1000 దాటితే కుండీలో మందారం పెట్టకపోవడమే మేలు, లేదా నీళ్లు మార్చాలి.

మార్చడానికి ఏమున్నాయి? మిషన్ భగీరథ నల్లా నీళ్లు మన వైపు కృష్ణా నుంచి వస్తాయి, బోరుకంటే ఉప్పు బాగా తక్కువ. క్లోరిన్ వాసన వచ్చినా ఫరవాలేదు. డాబా మీద పడిన వాన నీళ్లు అన్నిటికంటే మంచివి. మొదటి వాన దుమ్ము కడిగాక డ్రమ్ముకు పట్టుకోవచ్చు. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, ఒక్క ఏసీ కింద రెండు కుండీలకు సరిపడా వస్తాయి.

పొయ్యకూడనివి ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు. మన జిల్లాల్లో ఆర్ఓ లేని ఇల్లు తక్కువ, ఆ నీళ్లు వృథా చెయ్యొద్దని చెట్లకు పెట్టడం మంచి ఉద్దేశమే. కానీ లీటరు మంచినీళ్లు ఇచ్చి రెండు లీటర్లు బయటికి తోసే మిషన్‌లో, ఆ రెండు లీటర్లలోకి మూడు లీటర్ల ఉప్పూ చేరుతుంది. అంటే బోరుకంటే ఒకటిన్నర రెట్లు చిక్కన. వాకిలి కడగండి, కొబ్బరి చెట్టుకు పొయ్యండి, మందారానికి వద్దు.

బోరు తప్ప గతి లేకపోతే నిమ్మ ఉప్పు సాయం తీసుకోవచ్చు. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు 2 గ్రాములు, అంటే సుమారు అర టీస్పూను, 10 లీటర్ల బకెట్లో కలిపి పావుగంట ఆగి పొయ్యాలి. బైకార్బొనేట్ కొంత విరుగుతుంది. నిమ్మ ఉప్పు లేకపోతే ఒక పెద్ద నిమ్మకాయ పిండినా చాలు. వారానికి రెండుసార్లు ఇలా పోస్తే ఒకటి రెండు నెలల్లో చిగురు రంగులో తేడా తెలుస్తుంది. అయితే ఇది క్షారానికి మందు, ఉప్పుకు కాదు. టీడీఎస్ 1500 ఉన్న నీళ్లలో ఎన్ని నిమ్మకాయలు పిండినా ఉప్పు పోదు.

ఉప్పు పోవాలంటే కుండీని కడగడం ఒక్కటే దారి. అంచు మీద, మట్టి మీద తెల్ల పొర కనిపిస్తే ముందు ఆ పైపొర అర అంగుళం గీకి పారెయ్యండి. ఆపైన రెండు మూడు బకెట్ల వాన నీళ్లో నల్లా నీళ్లో మెల్లగా, అడుగు తూటులోంచి ధారగా బయటికి వచ్చేలా పోయాలి. కింద పళ్లెం ఉంటే తీసెయ్యాలి, కారిన నీళ్లను మళ్లీ పీల్చుకుంటే చేసిన పనంతా దండగ. వానాకాలంలో కుండీలను చూరు కిందికి జరపకుండా బయటే ఉంచితే ఈ పని వాన చేసిపెడుతుంది.

ఎంత పొయ్యాలన్నదానికి లెక్క సులువు. నేలలో కొత్త మొక్కకు మొదటి ఎండాకాలం రెండు రోజులకోసారి 8 నుంచి 10 లీటర్లు. మూడేళ్ల చెట్టుకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, ఉప్పు కూడా పైనే పేరుకుంటుంది. 12 అంగుళాల కుండీకి మేలో రోజూ రెండు మూడు లీటర్లు కావాలి. చలికాలంలో రెండు వేళ్ల లోతు ఎండాకే. మధ్యాహ్నం ఆకు వాలిపోతే వెంటనే పైపు పట్టుకోకండి. మట్టి తడిగా ఉండి ఆకు వాలితే సాయంత్రానికి అదే లేస్తుంది. లేవకపోతే అప్పుడు వేరు సంగతి చూడాలి.

పొద్దున ఎనిమిదిలోపు పొయ్యడమే మేలు. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు కాగి ఉంటాయి, వాటిని పక్కన వదిలేసి చల్లటివి వచ్చాక పట్టాలి. మొదట్లో రెండు మూడు అంగుళాల మందాన పల్లికాయ పొట్టో, వరిగడ్డో, రాలిన ఆకులో పరిస్తే సగం బాధ తీరుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పల్లి పొట్టు సులువుగా దొరుకుతుంది. కాండానికి మాత్రం మూడు వేళ్లు ఎడంగా పరవాలి.

పసుపు ఆకు చెప్పేది

పసుపు ఎక్కడ మొదలైందో చూడకుండా మందు వెయ్యకూడదు.

కొత్త చిగురు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా వల అల్లినట్టు కనిపిస్తే ఇనుము లోపం. మన దగ్గర చూసే పసుపులో ఎక్కువ భాగం ఇదే. బత్తాయి తోట ఉన్నవాళ్లు చూడగానే గుర్తుపడతారు, వాళ్ల చెట్లకూ ఇదే జబ్బు. పాత ఆకులు పసుపై, ఆకు మధ్య ఈనె చుట్టూ పచ్చదనం మిగిలితే మెగ్నీషియం తక్కువ. పాత ఆకులు మొత్తంగా లేతబడి పెరుగుదల ఆగితే నత్రజని తక్కువ. అంచులు గోధుమ రంగులో కాలితే ఉప్పు. చెట్టంతా ఒక్కసారిగా పసుపై, మట్టి తడిగా ఉండి, ఆకు మెత్తగా వాలితే వేరు కుళ్లు. అప్పుడు ఏ ఎరువూ వెయ్యవద్దు, నీళ్లు ఆపాలి. నవంబరు చలి మొదలయ్యేటప్పుడు, వానలు ఆగి ఎండ కాసేటప్పుడు కింది ఆకులు పదీ పన్నెండు రాలడం మామూలే.

ఇనుము లోపానికి తక్షణ ఉపశమనం ఆకు మీద చల్లడం. లీటరు నీళ్లలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాత 3 గ్రాముల అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, కలపాలి. వరస మారిస్తే, బోరు నీళ్లలో అన్నభేది వెంటనే తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. కలిపిన వెంటనే, సాయంత్రం చల్లబడ్డాక, ఆకు రెండు వైపులా తడిసేలా పిచికారీ చెయ్యండి. పది రోజుల ఎడంతో మూడుసార్లు. 5 గ్రాములు కూడా చల్లుతారు కానీ మన ఎండలకు లేత ఆకు మీద మచ్చలు పడతాయి. కొనేటప్పుడు అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. గోధుమ రంగు పొడిగా ఉంటే పాతది. బండల మీద పడితే తుప్పు మరక పోనే పోదు, కుండీని మట్టి నేల మీదికి జరిపి చల్లండి.

అన్నభేదిని మట్టిలో వెయ్యడం మన నేలల్లో డబ్బు దండగ. క్షార నేలలో అది రోజుల్లోనే తుప్పుగా మారి వేరుకు అందకుండా పోతుంది. మట్టిలో వెయ్యాలంటే ఈడీడీహెచ్ఏ రకం చీలేటెడ్ ఐరన్, అంటే మట్టి కట్టెయ్యకుండా కవచం వేసిన ఇనుము, అడగాలి. నీళ్లలో వేస్తే ముదురు ఎరుపు తిరుగుతుంది. చౌకగా దొరికే ఈడీటీఏ రకం పులుపు మట్టిలో బాగుంటుంది, ఉదజని సూచిక ఆరున్నర దాటాక ఇనుమును వదిలేస్తుంది. కుండీకి 2, 3 గ్రాములు, పెద్ద చెట్టుకు 10 నుంచి 15 గ్రాములు నీళ్లలో కలిపి మొదట్లో పోస్తే నెలల తరబడి పని చేస్తుంది. ఖరీదు ఎక్కువే, కొద్దిగా కొంటే చాలు.

నేలనే మార్చాలనుకుంటే గంధకం పొడి ఉంది. జూన్‌లో చెట్టు చుట్టూ 50 నుంచి 100 గ్రాములు చల్లి పైమట్టిలో కలిపితే తడి ఉన్నంతకాలం సూక్ష్మజీవులు దాన్ని మెల్లగా ఆమ్లంగా మారుస్తాయి. ఫలితం రెండు మూడు నెలలకు గానీ రాదు. ముందు పిడికెడు పొడి మట్టి మీద చిక్కటి నిమ్మ ఉప్పు నీళ్లు పోసి చూడండి. బుసబుస నురుగు వస్తే అది సుద్ద నేల. గంధకం పుట్టించే ఆమ్లాన్నంతా సుద్దే తినేస్తుంది, ఆకు మీద పిచికారీతోనే సరిపెట్టుకోవాలి. మెగ్నీషియం లోపానికి లీటరుకు 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ రెండుసార్లు చల్లితే చాలు.

ఎరువు

మందారానికి భాస్వరం తక్కువ, పొటాష్ ఎక్కువ కావాలి. డీఏపీ, బోన్‌మీల్ ఏడాదికేడాది వేస్తుంటే పేరుకున్న భాస్వరం ఇనుమును, జింకును కట్టేస్తుంది. పెంటలో వచ్చే భాస్వరమే దీనికి చాలు. పొటాష్ కూడా ఎర్ర పొటాష్ కాదు, దానిలో క్లోరైడ్ ఉంటుంది, ఉన్న ఉప్పుకు ఇంకో ఉప్పు. తెల్ల పొటాష్, అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోవాలి. నత్రజనికి యూరియా కంటే అమ్మోనియం సల్ఫేట్ నయం, మట్టిని కొంచెం పులుపు వైపు లాగుతుంది.

నేలలో మూడేళ్ల చెట్టుకు జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి: తట్టెడు మగ్గిన పెంట, 250 గ్రాముల వేపపిండి, 30 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 30 గ్రాముల తెల్ల పొటాష్. కాండానికి అడుగున్నర దూరంలో చుట్టూ గాడి తీసి వేసి మట్టి కప్పాలి. కుండీకి నెలకోసారి అమ్మోనియం సల్ఫేట్, తెల్ల పొటాష్ చెరి 3 గ్రాములు, రెండు పిడికెళ్ల వర్మీకంపోస్టు. ఎండిన మట్టిలో ఎరువు వెయ్యకూడదు. ముందు నీళ్లు, తర్వాత ఎరువు, మళ్లీ నీళ్లు. మేలో అసలు వద్దు.

కోడిగుడ్డు పెంకులు, ముగ్గుపిండి, సున్నం వెయ్యమని వీడియోల్లో చెప్తారు. కాల్షియం తక్కువున్న చోట సరే. మన మట్టికి సున్నం తగిలిస్తే చెట్టుకు శత్రుత్వం చేసినట్టే. అరటి తొక్క నానబెట్టిన నీళ్లతో నష్టం లేదు, లాభమూ అంతంతే.

కత్తిరింపు

మొగ్గ కొత్త కొమ్మ మీద, ఆకు చంకలోంచే వస్తుంది. పాత కొమ్మ పూయదు. కత్తిరించని చెట్టు ఏటా ఎత్తు పెరిగి, పూలన్నీ మేడ మీదివాళ్లకు కనిపించేలా కొసల్లో పూస్తుంది.

పెద్ద కత్తిరింపు జూన్‌లో, వానలు పట్టాక. ప్రతి కొమ్మలో మూడో వంతు, బయటివైపు చూసే కణుపుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా. లోపలికి పెరిగే కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి మొదలంటా తీసెయ్యాలి. కోసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూలు వస్తాయి కాబట్టి వినాయక చవితికి పూలు కావాలంటే జులై మొదటి వారం దాటనివ్వకండి. దేవీ నవరాత్రులకైతే జులై ఆఖరు. చెట్టంతా ఒకేసారి కొయ్యకుండా సగం ఇప్పుడు, సగం మూడు వారాలకు కోస్తే పూలు ఎడతెగకుండా ఉంటాయి. ఫిబ్రవరి మొదట్లో కొసలు నాలుగు వేళ్లు గిల్లవచ్చు. మార్చి తర్వాత కత్తెర ముట్టవద్దు. నీడ పోయిన కాండం మీద నేరుగా ఎండ పడితే బెరడు పగులుతుంది.

మొగ్గ రాలితే

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక ముద్ద మందారం మొగ్గలు రాల్చడం సహజం, దానికి మందు లేదు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తినా రాలుస్తుంది. కుండీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినా ఒక విడత రాలుతుంది. వాతావరణం బాగుండి, నీళ్లు సరిగ్గా ఉండి కూడా రాలుతుంటే రాలిన మొగ్గను గోరుతో చీల్చి చూడాలి. లోపల సన్నటి తెల్ల పురుగులో, అటూ ఇటూ పరుగెత్తే గీతల్లాంటి తామర పురుగులో ఉంటే రాలినవన్నీ రోజూ ఏరి సంచిలో కట్టి పారెయ్యండి. చెట్టు కింద వదిలితే అవి మట్టిలోకి దిగి మళ్లీ పైకి వస్తాయి. తామర పురుగుకు వారం ఎడంతో రెండుసార్లు వేపనూనె పిచికారీ చాలు.

పిండినల్లి

ఇది లేని మందారం మన దగ్గర అరుదు. కారణం ఇంటి చుట్టూ ఉంది. పత్తి, బెండ, పుంటికూర, మందారం అన్నీ ఒకే కుటుంబం. పత్తి మీద బతికే పిండినల్లి, పత్తి పీకేశాక గట్ల మీది వయ్యారిభామ కలుపు మీదికి, అక్కడి నుంచి పెరటి మందారం మీదికి వస్తుంది. జనవరి, ఫిబ్రవరి నుంచి మొదలై ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతుంది, గట్టి వానలు పడితే తగ్గుతుంది. చిగురు ముడుచుకుపోయి, దగ్గరదగ్గరగా గుబురు కట్టి, తెల్ల పిండి పట్టి కనిపిస్తే అదే. ఆకుల మీద జిగురు, దాని మీద నల్ల మసి దాని తర్వాతి దశ.

ముందు కత్తెర, తర్వాత మందు. ముడుచుకున్న చిగుళ్లను కింద సంచి పట్టి కోసి, మూతి కట్టి ఎండలో పడెయ్యండి. ముడత లోపలికి ఏ పిచికారీ పోదు, అందుకే కొయ్యకుండా ఎంత కొట్టినా పది రోజులకు మళ్లీ వస్తుంది. తర్వాత పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి మిగతావి రాల్చాలి. మర్నాడు సాయంత్రం లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, ముందుగా కుంకుడు రసంలోనో ఒక చిన్న చెంచా గిన్నెలు తోమే ద్రవ సబ్బులోనో చిలికి కలిపి, ఆకు అడుగున, చంకల్లో కారేలా కొట్టాలి. బట్టల పౌడరు వాడవద్దు, అందులో సోడా ఉంటుంది. ఎండలో వేపనూనె కొడితే ఆకు మాడుతుంది. ఏడు రోజులకోసారి మూడు విడతలు. గుడ్లలోంచి కొత్తగా వచ్చే పిల్లల కోసమే ఈ ఎడం.

చీమలను వదిలేస్తే ఇదంతా వృథా. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తాయి. కాండం చుట్టూ వెడల్పాటి టేపు చుట్టి దాని మీద గ్రీజు రాయండి. నేరుగా బెరడుకు రాయకూడదు. కొమ్మలు గోడను, తీగలను తాకకుండా చూడాలి, లేదంటే వంతెన దొరికినట్టే.

మందు కొట్టేముందు ఒక్క నిమిషం చూడండి. తెల్ల ఒత్తులు వేలాడుతూ, పిండినల్లికి రెండు మూడింతలు ఉండి చురుగ్గా నడిచే పురుగు ఉంటే అది పిండినల్లి కాదు, దాన్ని తినే అక్షింతల పురుగు పిల్ల. గోధుమ రంగులో ఉబ్బి గట్టిపడ్డ పిండినల్లి కనిపిస్తే దాని లోపల చిన్న కందిరీగ జాతి పరాన్నజీవి పెరుగుతోందని అర్థం. అవి ఉన్న కొమ్మలను వదిలెయ్యాలి. వేరు దగ్గర పోసే విషం మందులు పువ్వు తేనెలోకి కూడా చేరతాయి. ఆ పువ్వు తేనెటీగకు, తేనెపిట్టకు, దేవుడి గూటికి, తలనూనెకు పోతుంది కాబట్టి ఇంటి చెట్టుకు అవి వద్దు.

పేనుబంక, తెల్లదోమకు ఇదే వేపనూనె. ఎర్రనల్లి పడితే ఆకు దుమ్ము పట్టినట్టు పాలిపోయి అడుగున సన్నటి గూడు కనిపిస్తుంది. రోజు విడిచి రోజు ఆకు అడుగున నీళ్లు చిమ్మితే పోతుంది. కోతుల సంగతి వేరు. మొగ్గ, పువ్వు, లేత ఆకు అన్నీ వాటికి ఇష్టమే, వల కట్టడం తప్ప నమ్మకమైన ఉపాయం లేదు.

కొమ్మ నుంచి కొత్త మొక్క

జులై, ఆగస్టు నెలలు దీనికి అనువు. కత్తిరింపులో వచ్చిన కొమ్మల్లోంచి పెన్సిలు మందాన, పచ్చదనం పోయి బూడిద రంగు తిరుగుతున్నవి ఏరాలి. మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదిరింది వేరు పట్టదు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ముక్క, కనీసం నాలుగు కణుపులు. కింద కణుపుకు దిగువన ఏటవాలుగా, పైన తిన్నగా కోస్తే ఏది పైకో ఏది కిందికో మర్చిపోరు. పైన రెండు ఆకులు ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించండి. వేరు పట్టే హార్మోను పొడి ఉంటే అద్దండి, నాటు ఎర్రదానికి లేకపోయినా వస్తుంది.

సగం దొడ్డు ఇసుక, సగం ఎర్రమట్టి నింపిన సంచిలో పుల్లతో ముందు రంధ్రం చేసి, రెండు కణుపులు లోపలికి పోయేలా పెట్టి గట్టిగా అదమాలి. రోబో ఇసుక వద్దు, దాని దుమ్ము అడుగున సిమెంటులా పేరుకుంటుంది. అడుగు భాగం కోసేసిన పెద్ద నీళ్ల సీసాను మూత తీసి పైన కప్పి, ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. ఈ దశలో వాన నీళ్లు లేదా నల్లా నీళ్లు మాత్రమే వాడండి. నాలుగు నుంచి ఆరు వారాలకు వేరు వస్తుంది. రెండో వారంలోనే చిగురు వేసిందని సంబరపడి పీకి చూడవద్దు, అది కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చే చిగురు, వేరు ఇంకా ఉండదు. మెల్లగా లాగితే పట్టు తెలిసినప్పుడు సీసా తీసెయ్యాలి, మరో నెలకు కుండీకి మార్చాలి. హైబ్రిడ్లు ఇలా వచ్చినా సొంత వేరు మీద బలహీనంగా ఉంటాయి. వాటిని నాటు మందారం మొదలు మీద అంటు కట్టినవే కొనుక్కోవాలి. అంటు మొక్క మొదట్లోంచి, అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచెయ్యండి, ఉపేక్షిస్తే రెండేళ్లలో పైది చచ్చి నాటుదే మిగులుతుంది.